ఇనుప మొలతాడు

కంబుగిరి కోట వెనక కాకికొండ, ఆ కొండ పాదంలో నీలగుండం. నెమలి కంఠంలోని రంగునంతా పిండి పోసినట్టుండే ఆ గుండం చుట్టూ నలభై రోజుల కిందటి దాకా ముళ్ళకంపలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు పన్నెండు రాతిమెట్లు, మెట్ల మీద పట్టుపందిరి, పందిరి గుంజలకు కనకాంబరాల దండలు, చుట్టూ సాంబ్రాణి పొగ. ఆ పొగ నడుమ పులితోలు పరుచుకుని కూర్చున్నవాడు నీలజిహ్వుడనే మాంత్రికుడు. వాడి నాలుక నిజంగానే నీలంగా ఉంటుంది. ఏదో రాయి నములుతాడని జనం గుసగుసగా చెప్పుకుంటారు.

వాడు వచ్చిన రోజున గండభూపతి మహారాజు ఎదుట ఒక కొడవలిని గుండంలో ముంచి తీశాడు. తెల్లగా మునిగిన కొడవలి ఎర్రగా తేలింది. "ఇనుము రాగి అయింది మహారాజా. రాగి వెండి అవుతుంది. వెండి బంగారమవుతుంది. నాకు కావలసింది నీ రాజ్యంలోని ఇనుము, నీ నమ్మకం" అన్నాడు.

రాజు నమ్మాడు. పన్నెండేళ్ళ కిందట కత్తిసాములో ఆయన చేతి కత్తి జారి సొంత తమ్ముడి గొంతులో దిగింది. ఆనాటి నుంచి ఇనుప వాసన తగిలితే చాలు, ఆయన కుడిచెయ్యి భుజం దాకా వణుకుతుంది. ఇనుము ఇంకొకటిగా మారిపోగలదని ఎవరైనా వచ్చి చెబితే నమ్మడానికి ఆ మనిషి పన్నెండేళ్ళుగా సిద్ధంగా ఉన్నాడు.

నాగటి కర్రులు వెళ్ళాయి. గొడ్డళ్ళు, బల్లేలు, కోట తలుపుల గుబ్బలు వెళ్ళాయి. వారం నానితే ప్రతిదీ ఎర్రటి బురదగా విడిపోయేది. ఆ బురదను మూసలో కరిగిస్తే మేలిమి రాగి వచ్చేది. అది అబద్ధం కాదు కనుకనే ఎవరూ నోరెత్తలేకపోయారు. చివరికి మిగిలింది ఆయుధశాలలోని మూడు వందల కత్తులు. అటు తూర్పున శత్రువులైన వృకదుర్గం వాళ్ళ సైన్యం ఏరు దాటిందని వేగులు చెబుతున్నారు.

అప్పుడు కొలిమిపాలెం పెద్ద కొమ్మసాని నిండు సభలో లేచి, "వీడు దొంగ" అంది.

రాజు తీర్పు చెప్పాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం తన సొంత కత్తిని తన చేత్తోనే గుండంలో ముంచుతాడు. అది ఎర్రబడితే కొమ్మసాని తన కొలిమిలోకే ప్రాణాలతో వెళ్ళాలి. మూడు వందల కత్తులూ గుండంలోకి వెళ్ళాలి. ఎర్రబడకపోతే నీలజిహ్వుడి తల నేల మీదికి వస్తుంది.

ఆ మర్నాడు తెల్లవారింది. కొలిమిపాలెంలో తిత్తి తొక్కే రేచన, కాపలావాడి చేతిలో ఒక బెల్లపు అచ్చు పెట్టి, కొమ్మసానిని ఉంచిన గది కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ వాడికి మేనత్త.

"తిన్నావా అత్తా?"

"రాచవంట కదా, తిన్నాను. ఉప్పు లేదు. సాయంత్రానికి కాలిపోయేదానికి ఉప్పెందుకనుకున్నారేమో." అరవై ఏళ్ళ ఆ ముఖం నిండా నిప్పురవ్వల మచ్చలు. నవ్వితే అవన్నీ కదిలాయి. "ఏడుపు ముఖం పెట్టకు, చూడ్డానికి బాగోలేదు. ఒకటి చెప్పు. రాయిలోంచి ఇనుము ఎట్లా తీస్తావు?"

"ఇదా ఇప్పుడు అడిగేది! బొగ్గు పోసి తిత్తి తొక్కుతాం."

"తొక్కితే ఎందుకొస్తుంది?"

"రాయిలో ఇనుమును పట్టుకుని ఒకటి ఉంటుంది. బొగ్గు ఆకలి దానికన్నా పెద్దది. దాన్ని లాగేసుకుంటుంది. ఇనుము ఒంటరిగా బయటికొస్తుంది."

"రాగో?"

"రాగి పట్టు వదులు. చిన్న మంటకే ఊడుతుంది."

"బంగారం?"

"అది దేన్నీ పట్టుకోదు. ఏటి ఇసకలో ఊరికే పడి ఉంటుంది."

"ఆఁ. మా తిత్తి తొక్కేవాడికి ఇంత తెలుసు, మా మహారాజుకు తెలియదు." ఆవిడ గొంతు తగ్గించింది. "కాకికొండ కడుపులో పాత రాగిగని ఒకటి నీళ్ళతో నిండిపోయి ఉంది. మా నాన్న అందులో రాయి మోశాడు. ఆ నీళ్ళలో రాగి కరిగి ఉంది, అందుకే ఆ రంగు. అందులోకి ఇనుము దిగిందనుకో. ఉన్నది ఒక్క పీట. ఇనుముకు ఆబ ఎక్కువ, రాగికి తక్కువ. ఇనుము రాగిని లేపేసి తాను పీట మీద కూర్చుంటుంది. లేచిన రాగి బయటపడుతుంది. మారింది ఇనుము కాదురా. ఇనుము నీళ్ళలోకి పోయింది, నీళ్ళలోని రాగి బయటికొచ్చింది."

"మరి ఆ నీళ్ళలో రాగి అయిపోతే?"

"నీలం పోయి పచ్చగా పాలిపోతాయి. ఆ తరవాత వెయ్యి కత్తులు ముంచినా కత్తులే. అందుకే వాడి శిష్యులు రోజూ పొద్దెక్కాక గని తలుపు తీస్తారు. కొత్త నీళ్ళొచ్చి పాతవాటిని అవతలి వాగులోకి తోసేస్తాయి. ఇవాళ ఆ తలుపు తెరుచుకోకూడదు."

కొమ్మసాని కిటికీ చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపి వాడి చొక్కా పట్టుకుంది. "గనినుంచి గుండానికి నీళ్ళొచ్చే సొరంగంలోకి పైనుంచి గాలి బిలం ఉంది, మర్రిరాయి పక్కన. దిగు. తలుపుకు అడ్డగడియ ఉంటుంది, దాన్ని వాళ్ళు బయటినుంచి మోకుతో లాగేస్తారు. లాగనియ్యి. తలుపు తెరుచుకుందనే అనుకోవాలి వాళ్ళు. నువ్వు మాత్రం దాని కొంకిని రాతికొంకికి బిగించి కట్టెయ్. జనుపతాడు పట్టుకెళ్ళు, నాలుగు బారలు."

"తాడా? కొలిమివాడు తాడు పట్టుకుని తిరగడమా?"

"చెప్పింది చెయ్యి."

కాపలావాడు దగ్గాడు. రేచన తప్పుకున్నాడు. తాడు మాత్రం తీసుకోలేదు.

కొలిమిపాలెంలో మగవాడు తన చేత్తో కరగదీసిన మొదటి ఇనుమును తీగగా సాగదీసి, ఏడు చుట్లు నడుముకు చుట్టుకుంటాడు. అదే వాడి మొలతాడు. దాన్ని పాడె మీద తప్ప విప్పరు. ఏది కట్టవలసి వచ్చినా ఇనుముతో కట్టడం, ఏది పట్టవలసి వచ్చినా ఇనుముతో పట్టడం వాళ్ళకు అలవాటు. తాడు, పగ్గం గొడ్లు కాసేవాళ్ళ సామాను. అత్త ప్రాణం నిలబెట్టే పని ఒకటి చేతికి వచ్చినప్పుడు, దాన్ని జనుపపీచుతో చేశానని చెప్పుకోవడానికి రేచన మనసు ఒప్పుకోలేదు. ఆ క్షణంలో అది గర్వమని వాడికి తెలియలేదు. భక్తి అనుకున్నాడు.

మర్రిరాయి పక్కన బిలం మనిషి భుజాల కొలతకు తవ్వినట్టుంది. రేచన తలపాగాలో చిన్న ఆముదపు దివ్వె పెట్టుకుని వీపుతో, మోకాళ్ళతో ఒరుసుకుంటూ దిగాడు. సగం దిగేసరికి కాలికింద రాయి ఊడింది. అది కింద పడిన చప్పుడుకు గబ్బిలాలు వంద ఒక్కసారి లేచి ముఖాన్ని రెక్కలతో కొడుతూ పైకి పోయాయి. దివ్వె ఆరింది. రెండు నిలువుల ఎత్తునుంచి వాడు చీకట్లోకి జారి, భుజం మీద పడ్డాడు.

లేచి చూస్తే, ఎడమవైపు దూరంగా వెలుతురు చారిక. గుండం పక్కనున్న సొరంగం నోరు అది. అక్కడినుంచి సాంబ్రాణి వాసన, మనుషుల మాటలు వస్తున్నాయి. కుడివైపు తలుపు. దుంగల్ని పక్కపక్కన పేర్చి బిగించిన తలుపు, నల్లగా నాని, వెనక ఏదో పెద్ద జంతువు ఆనుకుని ఊపిరి తీస్తున్నట్టు మూలుగుతోంది. కొమ్మసాని చెప్పినట్టే అడ్డగడియ, గడియ చివర మోకు.

రేచన మొలతాడు విప్పాడు. నడుము ఒక్కసారి చల్లబడ్డట్టయింది. ఏడు చుట్ల తీగను మూడు పేటలుగా మడిచి, తలుపు కొంకికీ గోడలోని రాతికొంకికీ మధ్య బిగించి మెలిపెట్టాడు. మీటితే తంబుర తీగలా మోగింది.

మోకు కదిలింది. గడియ గరగరమంటూ ప్రక్కకు జారి వెలుతురు వైపు పోయింది. తలుపు ఒక్క వేలు వెడల్పు ముందుకొచ్చి ఆగింది. తీగ పట్టింది.

"వదిలావా?" సొరంగం నోటి దగ్గర ఎవరిదో గొంతు.

"వదిలాను. వస్తాయిలే, తొందరేముంది."

రేచన చీకట్లోనే నవ్వుకున్నాడు. పని అయిపోయింది. ఇక బిలంలోంచి పాక్కుంటూ పోవడమే. కానీ దుంగల సందులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. అవి పారి గుండంలో కలిస్తే కష్టమని, తలపాగా చింపి సందుల్లో కుక్కడం మొదలుపెట్టాడు. ఒకటి మూస్తే ఇంకొకటి. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆఖరి సందు కొంకి పక్కనే ఉంది. అక్కడినుంచి సన్నటి ధార ఒకటి తిన్నగా తీగ మీద పడుతోంది.

వేళ్ళు తగిలి ఆగిపోయాడు. తీగ ముందుకన్నా లావుగా ఉంది.

సొరంగం నోటి వెలుతురు ఆ వైపు కాస్త పడేలా పక్కకు తప్పుకుని చూశాడు. తన ఇనుము, పదహారో ఏట తాను రాత్రింబవళ్ళు తిత్తి తొక్కి తీసిన మొదటి ఇనుము, కొత్త పెళ్ళికూతురి చెంపలా ఎర్రగా ఉంది. గోటితో గీస్తే ఎర్రటి పొట్టు రాలింది. లావెక్కలేదు. పైన రాగి పొర కడుతున్నకొద్దీ లోపల ఇనుము సన్నబడుతోంది. పొద్దున కిటికీ దగ్గర తాను గడగడ ఒప్పజెప్పిన పాఠం ఇది. నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు.

టింగుమని ఒక పేట తెగింది.

రేచన తలుపుకు వీపు ఆనించి, ఎదురుగా నేలలోంచి పొడుచుకొచ్చిన రాయికి రెండు పాదాలూ తన్నిపెట్టాడు. రెండో పేట తెగినప్పుడు బరువు తెలిసింది. మూడోది తెగినప్పుడు కొండంతా వీపు మీద కూర్చుంది. చీరుకుపోయిన భుజం మీద ఆ నీళ్ళు పడుతుంటే ఉప్పూ కారమూ కలిపి రుద్దినట్టు మంట. పళ్ళు బిగించాడు.

బయట భేరీ మోగింది. మహారాజు వచ్చాడు.

కాసేపు మంత్రాలు. తరవాత నీలజిహ్వుడి మంత్రం మధ్యలో ఒక అక్షరం తడబడింది. రేచనకు అర్థమైంది. పొగ చాటునుంచి వాడు గుండం రంగు చూశాడు.

"మహారాజా! గ్రహస్థితి కొంచెం ప్రతికూలంగా ఉంది. ఇంకో రెండు ఘడియలు..."

"అదేమిటి స్వామీ!" అది కొమ్మసాని గొంతు, ఖణేలుమని. "మిట్టమధ్యాహ్నం దాటితే దోషమని నిన్న సభలో మీరే సెలవిచ్చారు. చావబోయేదాన్ని, నాకు లేని కంగారు మీకెందుకు? అయినా గుండంలో నీళ్ళేమిటి, పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు.

"నోర్ముయ్ ముసలిదానా! తిత్తిరీ," మాంత్రికుడు శిష్యుణ్ణి పిలిచి గొంతు తగ్గించాడు, కానీ సొరంగం ఆ గుసగుసనంతా మోసుకొచ్చింది. "తలుపు చూసిరా. పరిగెత్తు."

అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. దివిటీ వెలుగు గోడల మీద ఎగురుతూ వచ్చింది. తిత్తిరి అనేవాడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో బల్లెం. తలుపుకు అతుక్కుని ఉన్న మనిషిని చూసి ఒక్క క్షణం నోరు తెరిచాడు.

"ఎవడ్రా నువ్వు?"

"నేనే తలుపుని" అన్నాడు రేచన.

"పక్కకు జరుగు, పొడిచేస్తాను."

"పొడు. నేను పడితే తలుపు తెరుచుకుంటుంది. ముందు కొట్టుకుపోయేది నువ్వే. ఈత వచ్చునా?"

తిత్తిరి వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. బల్లెం మొన రేచన గొంతుకు జానెడు దూరంలో ఆగి ఉంది. పొడిస్తే చావు, పొడవకపోతే గురువు చేతిలో చావు. ఆ రెండింటి మధ్యా వాడి కళ్ళు అటూ ఇటూ తిరుగుతుంటే రేచనకు వాడి మీద జాలేసింది. ఎంత జాలేసినా కాళ్ళు మాత్రం తీయలేదు.

"ముహూర్తం ఇదే" అని బయట రాజుగారి గొంతు వినిపించింది. "నా కత్తి ఇటు ఇవ్వండి."

నీటిలో కత్తి మునిగిన చప్పుడు.

ఒక్క కాకి ఎక్కడో అరిచింది. రేచన అంకెలు లెక్కపెట్టసాగాడు. కొలిమిలో ముద్ద తీసేముందు అరవై దాకా లెక్కపెట్టడం అలవాటు. నలభై. యాభై. కుడి మోకాలు ఇక తనది కానట్టుంది. అరవై.

"తెల్లగానే ఉంది!" కొమ్మసాని కేక పెట్టింది. "తెల్లగా మునిగింది, తెల్లగా లేచింది! చూడండయ్యా, చూడండి!"

రేచన కాళ్ళు వదిలేశాడు.

తలుపు వీపు మీదినుంచి లేచిపోయింది. నీలం తప్ప ఏమీ లేదు. నీలంలో దివిటీ, బల్లెం, తిత్తిరి కాళ్ళు, రాళ్ళు, తన చేతులు. తల ఎక్కడో గోడకు కొట్టుకుంది. ఆ వెంటనే వెలుతురు, ఆకాశం. సొరంగం నోటినుంచి వాడు గుండంలోకి ఎగిరిపడ్డాడు. వెనకనుంచి కొండ కడుపంతా కక్కుకున్నట్టు నీలిధార దూకుతోంది. పచ్చగా పాలిపోయిన గుండం ఆ కొసనుంచి ఈ కొస దాకా నెమలి కంఠమైపోయింది.

మెట్టు మీద గండభూపతి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏం చేయాలో తోచక ఆయన చెయ్యి కిందికి వాలింది. కత్తిమొన మళ్ళీ నీళ్ళలో మునిగింది. అందరూ చూస్తుండగా, మొననుంచి పైకి, ఎరుపు పాకింది.

"ఎర్రబడింది!" నీలజిహ్వుడు రెండు చేతులూ ఎత్తాడు. "దైవం ఆలస్యం చేసింది గానీ మాట తప్పలేదు! ముసలిదాన్ని కొలిమికి తీసుకుపొండి!"

భటులు కొమ్మసాని చేతులు పట్టుకున్నారు. రేచన మెట్ల మీదికి పాక్కుంటూ వచ్చి నీళ్ళు కక్కాడు. మాట రావడం లేదు. పిడికిలి విప్పాడు. తలుపు ఊడిపోతున్నప్పుడు ఎలా చిక్కిందో, మొలతాడు ముక్క ఒకటి అరచేతిలో ఉండిపోయింది. దాన్ని రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"ప్రభూ... ఇది మా కొలిమి ఇనుము. పొద్దున నా నడుముకుంది. దీన్ని ఏ మంత్రమూ ముట్టుకోలేదు. ఆ కొండనీళ్ళు ముట్టుకున్నాయి, అంతే. ఈ నీళ్ళు రాకముందు మీ కత్తికి రాని ఎరుపు, వచ్చాక ఎందుకొచ్చిందో ఆయన్ని అడగండి."

గండభూపతి వంగి తీగను తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నలిపితే అది ఎర్రటి పొడిగా రాలింది. ఆ తరవాత ఆయన కత్తిని దగ్గరికి తెచ్చుకుని, పన్నెండేళ్ళుగా తాకని అంచును బొటనవేలి గోటితో గీశాడు. ఎర్రపొర లేచింది. కింద ఇనుము తెల్లగా, ఏమీ మారకుండా, ఆయన వైపే చూస్తోంది. రాజు ముఖంలో పసిపిల్లవాడిలాంటి ఆశ ఒకటి చచ్చిపోవడం రేచన దగ్గరగా చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

"ఆవిడ చేతులు వదలండి" అన్నాడు రాజు. కుడిచెయ్యి వణుకుతూనే ఉంది. కత్తిని మాత్రం వదల్లేదు. "మూడు వందల కత్తులూ సైనికులకు పంచండి. వాణ్ణి పట్టుకోండి."

పులితోలు ఖాళీగా ఉంది.

"అదుగో!" ఎవరో అరిచారు. ధార తగ్గిన సొరంగం నోట్లోకి కాషాయం కొంగు ఒకటి మాయమైంది.

కొమ్మసాని ముఖంలో నవ్వు ఆరిపోయింది. "గని తలుపు ఊడిపోయిందా?" అని రేచనను అడిగింది.

"ఊడిపోయింది అత్తా. నీళ్ళన్నీ వచ్చేస్తున్నాయి."

"ప్రభూ," ఆవిడ రాజు వైపు తిరిగింది. "ఆ గనికి రెండో నోరు కొండ అవతల ఉంది, తూర్పు వైపు. ఇన్నాళ్ళూ నిండా నీళ్ళున్నాయి కనుక మనకు భయం లేకపోయింది. ఇంకో ఝాములో అది ఎండిపోతే, కోట గోడల కిందనుంచి రాచబాట. వాడు పారిపోవడం లేదు. వృకదుర్గం వాళ్ళకు దారి చూపించడానికి వెళుతున్నాడు."

ఆ మాటకు జవాబన్నట్టు తూర్పునుంచి వృకదుర్గం డోళ్ళు వినిపించాయి. ఇంకా ఏటి దగ్గరే ఉన్నాయనుకున్న డోళ్ళు ఇప్పుడు కొండ అవతలే మోగుతున్నాయి.

సొరంగం లోపలికి వెళ్ళి వచ్చినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు. రేచన లేచి నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి నడుము మీదికి వెళ్ళింది. అక్కడ తడిబట్ట తప్ప ఏమీ లేదు. కొమ్మసాని అది చూసింది. పందిరి గుంజకు కట్టిన జనుపమోకును దాని మీది పూలదండతో సహా ఊడబెరికి, చుట్టచుట్టి, వాడి రొమ్ము మీదికి విసిరింది.

"ఈసారైనా పట్టుకుని తగలడు" అంది.

రేచన మోకును నడుముకు ఏడు చుట్లు చుట్టుకుని, రాజుగారి చేతిలోని కత్తిని అడక్కుండానే అందుకుని, సొరంగంలోకి దూకాడు.